బీరు పోటీల్లో జడ్జీలు మార్కులు ఎలా వేస్తారు? తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ మైక్రోబ్రూవరీల్లో పనిచేస్తున్న హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల పిల్లలు, అమెరికాలో గ్యారేజీలో బీరు చేసుకుంటున్న మన వరంగల్ వాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. తెలంగాణలో మద్యం తాగడానికి చట్టం ఒప్పుకునే వయసు 21 ఏళ్లు కాబట్టి ఇది ఆ వయసు దాటినవాళ్ల కోసం.

## పోటీకి ముందు

అసలు స్టైల్ గైడ్‌లైన్స్ అంటే ఏంటి? ఎవరు రాశారు?

ఒక్కో రకం బీరు ఎలా ఉండాలో వివరంగా రాసిన పుస్తకం అనుకోండి. మన బార్‌లో లైట్, స్ట్రాంగ్ అని రెండే మాటలు వినిపిస్తాయి. ప్రపంచంలో ఉన్న రకాలు వందకు పైనే. ఇంటి బ్రూవర్ల పోటీల్లో ఎక్కువగా వాడేది బీజేసీపీ (బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్, అంటే బీరు జడ్జీలకు పరీక్ష పెట్టి హోదా ఇచ్చే సంస్థ) గైడ్‌లైన్స్. ఆ సంస్థ 1985లో మొదలైంది, గైడ్‌లైన్స్‌లో 2021 ఎడిషన్ నడుస్తోంది. అమెరికా బ్రూవర్స్ అసోసియేషన్ వాళ్లవి వేరే ఉన్నాయి, వాటిని వరల్డ్ బీర్ కప్ లాంటి కమర్షియల్ పోటీల్లో వాడతారు.

బీజేసీపీలో ఒక్కో స్టైల్ కింద వాసన, రంగు, రుచి, నోట్లో తెలిసే బరువు, చరిత్ర, వాడే సరుకులు, దగ్గరి స్టైల్‌తో తేడా, అంకెల హద్దులు, మార్కెట్లో దొరికే ఉదాహరణలు ఉంటాయి. ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. పోటీకి డబ్బులు కట్టే ముందు మీ స్టైల్ ఉన్న ఆ ఒక్క పేజీ రెండుసార్లు చదవండి.

రుచిగా ఉంటే చాలదా అన్నా? మధ్యలో ఈ స్టైల్ గొడవ ఎందుకు?

జడ్జి చూసేది రెండు సంగతులు. మీరు రాసిన పేరుకు ఈ బీరు తగ్గట్టు ఉందా, ఉంటే ఎంత బాగా కుదిరింది. సంక్రాంతికి సకినాల పోటీ పెడితే ఎంత కమ్మటి గారెలు తీసుకెళ్లినా బహుమతి రాదు కదా, ఇదీ అంతే.

స్టైల్ లేకుండా పిల్స్‌నర్ (లేత బంగారు రంగు లాగర్), స్టౌట్ (నల్లటి బీరు), గోధుమ బీరు ఒకే టేబుల్ మీద పెట్టి ఏది బాగుందని అడిగి చూడండి. ప్రతి జడ్జి తనకు ఇష్టమైనదానికే మొగ్గుతాడు. ఘాటుగా, చేదుగా, బరువుగా ఉన్నదే ప్రతిసారీ గెలుస్తుంది. చిన్న లోపం కూడా దాచుకోలేని పల్చటి లాగర్‌ను, అంటే చల్లగా నెమ్మదిగా పులియబెట్టే బీరును, వారాల తరబడి ఓపికగా చేసినవాడికి ఎప్పటికీ న్యాయం జరగదు. ఆ నెమ్మదైన బీర్లకు అండగా నిలిచేది స్టైలే అని నా గట్టి నమ్మకం.

వరంగల్‌లో ఇంట్లోనే బీరు చేసి పోటీకి పంపొచ్చా?

కుదరదు. తెలంగాణ ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం, పరిమాణం తక్కువైనా సరే. ఇక్కడ ఉంటూ బ్రూయింగ్ నేర్చుకోవాలంటే లైసెన్సున్న మైక్రోబ్రూవరీలో పనికి చేరడమే దారి. అమెరికాలో ఉన్నవాళ్ల సంగతి వేరు. అక్కడ 1978లో చేసిన చట్టం వల్ల 1979 నుంచి ఇంటి వాడకానికి బీరు చేసుకోవచ్చు. ఒక్కరున్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు అంతకన్నా ఎక్కువ పెద్దవాళ్లుంటే 200 గ్యాలన్లు ఫెడరల్ హద్దు. అమ్మకూడదు. మీ రాష్ట్రం నియమాలు వేరే చూసుకోవాలి.

నేను చేసింది ఐపీఏ. కానీ ఐపీఏలా లేదంటున్నారు. ఏ కేటగిరీలో వేయాలి?

గ్లాసులో ఏముందో దాని పేరు రాయండి. మీరు ఏం చేద్దామనుకున్నారో జడ్జికి తెలియదు, తెలిసినా మార్కు రాదు.

ఐపీఏ అంటే ఇండియా పేల్ ఏల్, హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) దండిగా వేసే బీరు. అమెరికన్ ఐపీఏకు చేదు 40 నుంచి 70 ఐబీయూ (చేదును కొలిచే అంకె), ఆల్కహాల్ 5.5 నుంచి 7.5 శాతం. మీ బీరులో హాప్స్ వాసన బాగానే ఉన్నా చేదు మెత్తగా, నోట్లో బరువు తక్కువగా ఉంటే అమెరికన్ పేల్ ఏల్ పేజీ తీయండి. దాని హద్దులు 30 నుంచి 50 ఐబీయూ, 4.5 నుంచి 6.2 శాతం. ఐపీఏగా 50కి 27 మార్కుల దగ్గర ఆగిపోయే బీరు పేల్ ఏల్‌గా మెడల్ దగ్గరికి వెళ్లగలదు. అలాగే జర్మన్ పిల్స్ చేద్దామనుకుంటే చేదు తగ్గి మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) తీపి ముందుకొచ్చిందా, మ్యూనిక్ హెల్లెస్ చదవండి.

నేను చెప్పే పద్ధతి ఇది. రెసిపీ కాగితం పక్కన పెట్టి, ఆ బీరు సంగతి తెలియని స్నేహితుడికి ఒక గ్లాసు ఇవ్వండి. అతను చెప్పిన మాటలు రాసుకుని, ఆ మాటలు ఏ పేజీకి దగ్గరగా ఉన్నాయో వెతకండి. కేటగిరీ సరిగ్గా ఎంచుకోవడం బ్రూయింగ్‌లో సగం పని.

మామిడిపండు, చపాటా మిర్చి, జొన్నలు వేసి చేస్తే దానికి స్టైల్ ఉంటుందా?

ఉంటుంది. ముందున్న అంకెలు బీజేసీపీ స్టైల్ నంబర్లు. పండు వేస్తే 29ఏ ఫ్రూట్ బీర్, మిర్చి వేస్తే 30ఏ స్పైస్, హెర్బ్ ఆర్ వెజిటబుల్ బీర్, జొన్న లేదా సజ్జ రుచి తెలిసేలా వేస్తే 31ఏ ఆల్టర్నేటివ్ గ్రెయిన్ బీర్. వీటన్నిటిలో జడ్జి వెతికేది సమతూకం. అడుగున బీరు ఉందని తెలియాలి, పైన మీరు వేసింది తెలియాలి, ఒకదాన్ని ఒకటి మింగేయకూడదు.

మామిడితో చిక్కు ఏంటంటే పండులోని చక్కెరంతా ఈస్ట్ తినేస్తుంది. తీపి పోయి పులుపు, కొద్దిగా పీచు వాసన మిగులుతాయి. చాలామంది పిండిన రసం రుచి వస్తుందని ఆశపడి నిరాశపడతారు. చపాటా మిర్చి మాత్రం ఈ పనికి భలే నప్పుతుందని నా అభిప్రాయం. 2025లో జీఐ గుర్తింపు వచ్చిన మన వరంగల్ మిర్చి అది, రంగు ఎక్కువ, కారం తక్కువ. మిర్చి బీరులో ఎక్కువ మంది మార్కులు పోగొట్టుకునేది గొంతు మండించడం వల్లే.

మన బార్లలో దొరికే స్ట్రాంగ్ బీరు ఏ స్టైల్ కిందికి వస్తుంది?

నేరుగా దేనికిందికీ రాదు. మన ఆహార భద్రతా నియమాల్లో 5 శాతం దాటి 8 శాతం దాకా ఉన్నది స్ట్రాంగ్. రుచిలో దగ్గరగా ఉండే ఇంటర్నేషనల్ పేల్ లాగర్ 6 శాతం దగ్గర ఆగిపోతుంది. ఫలానా మార్కెట్ బీరును పోలినది చేశానని పేరు చెప్పి 34ఏ కమర్షియల్ స్పెషాల్టీ బీర్‌లో వేయొచ్చు.

కల్లు పంపొచ్చా?

బీరు పోటీకి పంపలేరు. అక్కడ బీరు అంటే మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం, అంటే మాల్ట్, పునాదిగా ఉన్నది. తాటికల్లు, ఈతకల్లు చెట్టు నుంచి కారిన నీరా పులిసినవి. పైగా కల్లు గంటగంటకూ మారిపోతుంది, మూత బిగించి పార్సెల్ చేస్తే సీసా పగిలే ప్రమాదం. కల్లుకు కూడా ఇంత శ్రద్ధగా ఒక గైడ్‌లైన్ ఎవరైనా రాయాలని నా కోరిక. తాడుకూ ఈతకూ, పరుపుతాడుకూ పోతుతాడుకూ తేడా వాసనతోనే చెప్పగల గీత కార్మికులు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు.

## సీసాలు పంపేటప్పుడు

ఎన్ని సీసాలు పంపాలి? లేబుల్ అంటించొచ్చా?

సాధారణంగా ఒక ఎంట్రీకి రెండు లేదా మూడు సీసాలు అడుగుతారు. లేబుల్, గీతలు, మూత మీద బొమ్మ, సీసా మీద ఉబ్బెత్తు అక్షరాలు ఏవీ ఉండకూడదు. మీరు రాసిన పేరు నిర్వాహకుల దగ్గరే ఉంటుంది, జడ్జికి కనిపించేది ఒక నంబరు మాత్రమే. గోధుమ రంగు సీసా, సాదా మూత అన్నిటికన్నా క్షేమం. మిగతాది ఆ పోటీ నియమాల్లో చూడండి.

మన ఎండలకు బీరు దారిలోనే పాడైపోతుందా?

పాడవుతుంది. మే నెలలో రామగుండం, వరంగల్ వైపు 44, 45 డిగ్రీలు మామూలే. వేడికి ఆక్సీకరణ వేగం పెరుగుతుంది. హాప్స్ వాసన ముందు పోతుంది, తర్వాత తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. బాటిల్ నింపేటప్పుడు లోపల గాలి ఎంత తక్కువ మిగిలితే అంత మంచిది. పార్సెల్ అయ్యేదాకా ఫ్రిజ్‌లోనే ఉంచాలి.

వెలుతురు వేరే శత్రువు. హాప్స్‌లోని చేదు పదార్థాలు వెలుతురు తగిలి విరిగిపోయి దుర్వాసనగల గంధక పదార్థంగా మారతాయి. ఆకుపచ్చ, తెల్ల సీసాలు దాన్ని ఆపలేవు. నేరుగా ఎండ తగిలితే కొన్ని నిమిషాలు చాలు.

ఎంట్రీ ఫారంలో వివరణ ఎంత రాయాలి?

జడ్జి గ్లాసులో వెతుక్కోవలసినవి మాత్రమే రాయాలి. "బేస్ స్టైల్ విట్‌బియర్ (బెల్జియం గోధుమ బీరు), హిమాయత్ మామిడి, మధ్యస్థంగా" అంటే చాలు. ఏలకులు వేశానని రాస్తే జడ్జి ఏలకుల కోసం వెతుకుతాడు. దొరక్కపోతే మార్కు పోతుంది. రాయకపోతే ఆ చిటికెడు ఏలకులు బీరుకు లోతు ఇచ్చి ఊరుకునేవి. అందుకే రుచిలో విడిగా తెలియని దినుసు పేరు రాయకపోవడమే మేలు, అలర్జీ కలిగించేవి తప్ప. పల్లీలు, పాలచక్కెర లాంటివి తప్పనిసరిగా రాయాలి.

## జడ్జి టేబుల్ దగ్గర

50 మార్కులు దేనికెన్ని?

బీజేసీపీ స్కోర్‌షీట్‌లో వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో తెలిసే బరువు, గ్యాస్ లాంటివాటికి 5, మొత్తం మీద అభిప్రాయానికి 10. రంగు, నురుగు, తేటదనం కోసం నెలంతా కష్టపడేవాళ్లు ఆ 3 చూసి ఉసూరుమంటారు. కానీ వాసన, రుచి కలిపితే 32. కష్టం అక్కడ పెట్టాలి.

మూసిన గదిలో నిజంగా ఏం జరుగుతుంది?

టేబుల్‌కు ఇద్దరు లేదా ముగ్గురు జడ్జీలు, సీసాలు తెచ్చి ఇచ్చే ఒక స్టీవార్డ్. చెక్క పెన్సిల్ వాసన కూడా అడ్డం కాబట్టి చాలామంది చెక్క లేని మెకానికల్ పెన్సిల్ వాడతారు. సెంటు పూసుకుని వస్తే పక్కవాళ్లే లేచి వెళ్లమంటారు.

సీసా మూత తీసినప్పుడు వచ్చే చప్పుడు దగ్గర్నుంచే గమనిక మొదలవుతుంది. గ్లాసులో 60 నుంచి 90 మిల్లీలీటర్లు పోస్తారు. పోసిన వెంటనే ముక్కు పెట్టాలి, ఎందుకంటే గంధకం లాంటి తేలిక వాసనలు నిమిషంలో ఎగిరిపోతాయి. రాసుకుని, రంగు చూసి, మళ్లీ వాసన చూసి, అప్పుడు గుక్క వేస్తారు. వైన్ జడ్జీల్లాగా ఉమ్మేయరు. మింగాక గొంతు వెనక నుంచి ముక్కులోకి వచ్చే వాసన, చివర్లో మిగిలే చేదు తెలియాలి కదా. ఇదంతా అయ్యేదాకా ఎవరూ నోరు మెదపరు, మొహం కూడా చిట్లించరు. ఒక జడ్జి "అబ్బా" అంటే పక్కవాళ్ల ముక్కు అదే వెతకడం మొదలుపెడుతుంది. అందరూ అంకె వేశాకే మాటలు.

ఇద్దరు జడ్జీలకు పొంతన కుదరకపోతే?

మాట్లాడుకుని ఒకరికొకరు దగ్గరికి రావాలి. చాలా పోటీల్లో ఇద్దరి అంకెల మధ్య తేడా 7 దాటకూడదని, కొన్నిచోట్ల 5 దాటకూడదని నియమం. ఒకరికి వెన్న వాసన బాగా తెలుస్తుంది, ఇంకొకరికి అస్సలు తెలియదు. అది నిర్లక్ష్యం అనుకోవద్దు, పుట్టుకతో ముక్కులు వేరు. అందుకే ఒక్క జడ్జికి ఎప్పుడూ వదిలేయరు.

ఏబీవీ (ఆల్కహాల్ శాతం), ఐబీయూ మెషీన్ పెట్టి కొలుస్తారా?

లేదు. ఇంటి బ్రూవర్ల పోటీల్లో ముక్కు, నాలుక, కళ్లు తప్ప ఇంకేమీ లేవు. జర్మన్ పిల్స్ హద్దు 5.2 శాతం, మీది 5.4 వచ్చిందని టెన్షన్ పడొద్దు. తాగుతుంటే ఆల్కహాల్ వేడి తెలియనంతవరకు ఎవరూ అడగరు. కాగితం మీద లెక్క సరిపోయినా నోట్లో చేదు ఎక్కువనిపిస్తే మార్కు పోతుంది.

ఏ వాసన తప్పు, ఏది ఒప్పు? ప్రతిచోటా వేరేలా చెబుతున్నారు.

వేరేలానే ఉంటుంది, అసలు కిటుకంతా అక్కడే. జర్మన్ గోధుమ బీరు వైస్‌బియర్‌లో అరటిపండు, లవంగం వాసన లేకపోతే మార్కులు పోతాయి. అవే వాసనలు లాగర్‌లో వస్తే ఈస్ట్ దారి తప్పిందని రాస్తారు. వైస్‌బియర్ మసకగా ఉండాలి, పిల్స్ అద్దంలా మెరవాలి. పొగ వాసన రౌఖ్‌బియర్‌కు ప్రాణం. పులుపు బెర్లినర్ వైస్‌కు అందం, ఐపీఏలో అది క్రిమి చేరిన గుర్తు.

డయాసిటైల్ అనే వెన్న వాసన చెక్ పేల్ లాగర్‌లో కొద్దిగా ఉన్నా ఊరుకుంటారు, జర్మన్ పిల్స్‌లో ఊరుకోరు. అది కనిపిస్తే మంచి జడ్జి "పులియడం చివర్లో రెండు మూడు రోజులు ఉష్ణోగ్రత కాస్త పెంచి, ఈస్ట్ దాన్ని తిరిగి తినేదాకా ఆగండి" అని రాస్తాడు. ఉడకబెట్టిన మక్క కంకి వాసన వస్తే మూత తీసి గట్టిగా మరిగించి, వేగంగా చల్లార్చమంటాడు. పచ్చి ఆపిల్ వాసన అంటే తొందరపడి తీసేశారని అర్థం.

ఎక్కడ పెట్టినా తప్పే అయినవి కొన్ని ఉన్నాయి. కాలిన ప్లాస్టిక్, గోళ్ల రంగు, టీ ఆకు నమిలినట్టు వగరు. వీటికి ఏ స్టైల్‌లోనూ చోటు లేదు.

సీసా తీయగానే పొంగిపోతే ఎంట్రీ పోయినట్టేనా?

వెంటనే పోదు. లోపం ఆ ఒక్క సీసాదే అని అనుమానం వస్తే జడ్జీలు రెండో సీసా అడగొచ్చు. అది కూడా పొంగితే లోపం బ్యాచ్‌ది.

వరసగా తాగితే నాలుక మొద్దుబారదా? మత్తు ఎక్కదా?

అందుకే ఒక విడతలో ఎంట్రీలు తక్కువ ఇస్తారు. తేలికవి ముందు, ఘాటువి చివర పెడతారు. మధ్యలో నీళ్లు, ఉప్పు లేని బ్రెడ్. చిన్న గుక్కలతో పని అయిపోతుంది, గ్లాసు ఖాళీ చేయాలన్న నియమం లేదు. మధ్యాహ్నం భోజనంలో పచ్చి మిర్చి తొక్కు ముట్టని జడ్జీనే నేను నమ్ముతాను.

బెస్ట్ ఆఫ్ షో అంటే ఏంటి? అక్కడ స్టౌట్‌నీ లాగర్‌నీ ఎలా పోలుస్తారు?

ప్రతి కేటగిరీలో మొదటి స్థానం వచ్చినవన్నీ ఒక టేబుల్ మీదికి తెస్తారు. మార్కులుండవు. అనుభవమున్న జడ్జీలు ఒక్కొక్కటిగా తీసేస్తూ పోతారు. ఒకదాన్ని తన స్టైల్ వర్ణనకు ఎంత దగ్గరగా వచ్చిందో చూసి తూస్తారే తప్ప పక్క గ్లాసుతో కాదు.

## ఫలితాలు వచ్చాక

నాకు 32 వచ్చింది. స్కూల్ లెక్కలో 64 శాతం. అంటే యావరేజా?

స్కూల్ లెక్క ఇక్కడ పనికిరాదు. 45 నుంచి 50 అత్యద్భుతం, 38 నుంచి 44 చాలా గొప్పది, 30 నుంచి 37 చాలా మంచిది, 21 నుంచి 29 మంచిది, 14 నుంచి 20 పరవాలేదు, ఆ కింద బాగు చేసుకోవలసినది. చాలా పోటీల్లో మర్యాద కోసం 13 కన్నా తక్కువ వేయరు. 32 అంటే స్టైల్ పట్టుకున్నారు, చిన్న లోపాలు మిగిలాయి. మొదటి పోటీకి అది గట్టి మార్కు.

39 వచ్చినా మెడల్ రాలేదు. 35 వచ్చినవాడికి వేరే దాంట్లో వచ్చింది. ఇదేం న్యాయం?

మెడల్ మీ కేటగిరీలో వరుసను బట్టి వస్తుంది. ఐపీఏ ఎంట్రీలు కుప్పలుగా వస్తాయి, స్మోక్డ్ బీర్‌కు నాలుగే రావచ్చు. ఎంట్రీలు ఎక్కువైతే పలు టేబుళ్లకు పంచి, ఒక్కో టేబుల్ నుంచి మెరుగైనవి తీసి మళ్లీ కలిపి రుచి చూస్తారు. ఆ రెండో విడతలో అంకెలు చూడరు, గ్లాసులే చూస్తారు.

ఒకే బీరుకు ఒక పోటీలో 36, ఇంకో దాంట్లో 28. ఎవరిని నమ్మాలి?

అంకె పక్కన పెట్టి రెండు షీట్లలో రాసిన మాటలు పక్కపక్కన పెట్టుకుని చదవండి. రెండిట్లోనూ కనిపించిన లోపం నిజం. ఒక్కదాంట్లోనే ఉన్నది దారిలో పాడవడం వల్లో, ఆ సీసా వల్లో కావచ్చు. రెండు పోటీల మధ్య నెల గడిచి ఉంటే బీరే మారిపోయి ఉంటుంది.

హైదరాబాద్ మైక్రోబ్రూవరీ బీరును పెద్ద కమర్షియల్ పోటీకి పంపితే ఇలాగే ఫీడ్‌బ్యాక్ ఇస్తారా?

పద్ధతి వేరు. 1996లో మొదలైన వరల్డ్ బీర్ కప్‌లో 50 మార్కుల లెక్క ఉండదు. టేబుల్ చుట్టూ ఉన్న జడ్జీలు చర్చించి బాగున్నవి పై రౌండ్‌కు పంపుతూ బంగారు, వెండి, కాంస్య పతకాల దాకా వెళ్తారు. ఆ స్థాయి బీరు లేదనిపిస్తే పతకం ఆపేసే హక్కు వాళ్లకుంది. నేర్చుకోవడం కోసమైతే పాయింట్లు, రాతపూర్వక వ్యాఖ్యలు రెండూ ఇచ్చే పోటీ ఎంచుకోండి.

## జడ్జి కావాలనుకుంటే

జడ్జి కావాలంటే డిగ్రీ ఉండాలా? పరీక్ష ఎలా ఉంటుంది?

డిగ్రీ అక్కర్లేదు. బీజేసీపీకి ముందు ఆన్‌లైన్ ప్రవేశ పరీక్ష, అది హనుమకొండలో కూర్చుని కూడా రాయొచ్చు. తర్వాత టేస్టింగ్ పరీక్షకు అది జరిగే ఊరికి వెళ్లాలి. 90 నిమిషాల్లో 6 బీర్లకు పూర్తి స్కోర్‌షీట్లు నింపాలి. అవే బీర్లను వేరే గదిలో సీనియర్ జడ్జీలు రుచి చూస్తారు. మీ అంకె వాళ్ల అంకెకు ఎంత దగ్గరగా ఉంది, ఏం పసిగట్టారు, ఎలా వర్ణించారు, ఎలాంటి సలహా ఇచ్చారు, షీట్ ఎంత నిండుగా ఉంది అనే ఐదింటికీ సమానంగా మార్కులు. 60 వస్తే రికగ్నైజ్డ్. 70తో పాటు కొంత పోటీల అనుభవం ఉంటే సర్టిఫైడ్. ఆ పైన నేషనల్, మాస్టర్.

ఊళ్లోనే ఉండి ముక్కుకు ప్రాక్టీస్ ఎలా?

దీనికి బీరు పెద్దగా అవసరం లేదు. లవంగం నలిపి, బాగా మాగిన అరటిపండు పక్కన పెట్టి మార్చి మార్చి వాసన చూడండి, వైస్‌బియర్ చదువుకున్నట్టే. కరీంనగర్ రోడ్డు మీద బండి వాడు ఉడకబెట్టిన మక్క కంకి అమ్ముతుంటే ఆగి ఆ ఆవిరి పీల్చండి. థియేటర్ బటర్ పాప్‌కార్న్, నీళ్లలో నానబెట్టిన అట్టముక్క, బాగా కాగిన డికాక్షన్ వగరు, ఒక్కొక్కటీ ఒక పాఠం. తెలిసిన గీత కార్మికుడుంటే పొద్దున దించిన కల్లు, అదే సాయంత్రం మళ్లీ అడగండి. పొద్దున తీపి, ఈస్ట్ వాసన. సాయంత్రానికి పెరుగు పులుపు, ఆ వెనకే వెనిగర్ ఘాటు. లాక్టిక్, ఎసిటిక్ తేడాను ఇంత తేటగా చూపే వస్తువు ఇంకొకటి నేను చూడలేదు.

ముఖ్యమైనది రాయడం. వాసన చూసి వదిలేస్తే రాదు. "బాగుంది" అన్న మాట వాడకుండా ఐదు వాక్యాలు రాయడం అలవాటు చేసుకోండి.

జడ్జీలకు డబ్బులిస్తారా?

ఇంటి బ్రూవర్ల పోటీల్లో ఇవ్వరు, భోజనం పెడతారు. జడ్జి చేసిన ప్రతి పోటీకీ అనుభవ పాయింట్లు వస్తాయి, పై హోదాకు అవి కావాలి. మీరు కూడా ఎంట్రీ పంపి ఉంటే ఆ కేటగిరీ టేబుల్‌కు మిమ్మల్ని కూర్చోనివ్వరు, వేరే కేటగిరీ అడిగి తీసుకోండి.